కారు తుక్కయ్యాక: టోటల్ లాస్ క్లెయిమ్‌లో నష్టపోకుండా బయటపడటం ఎలా

"సార్, మీ బండి టోటల్ లాస్ కింద వేస్తున్నాం."

ఫోన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్, అంటే నష్టం లెక్కకట్టే మనిషి, ఆ తర్వాత కాగితాల గురించి ఇంకేదో చెబుతూనే ఉన్నాడు గానీ నా చెవికెక్కలేదు. తొమ్మిదేళ్ల బండి. ముందు రోజే యార్డుకి వెళ్లి చూసొచ్చాను. ఎడమవైపు ముందు చక్రం లోపలికి మడుచుకుపోయింది. బానెట్ గుడారంలా పైకి లేచింది. అయినా తాళం ఒక మెట్టు తిప్పితే డాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగాయి, గడియారం సరైన టైమే చూపించింది. అది చూసి, ఫర్వాలేదు, బండి బతికే ఉంది అనుకున్నాను. టోటల్ లాస్ అంటే రిపేరు గిట్టుబాటు కాదని తేల్చి, బండి విలువ చేతికిచ్చేయడమట.

తర్వాతి ఐదు వారాల్లో నాకు అర్థమైంది ఒకటే. కంపెనీ లెక్కలో మీ కారంటే ఒక మోడల్, ఒక సంవత్సరం, ఓడోమీటర్ మీద ఒక అంకె. మీ లెక్క వేరే ఉంటుంది, ఉండాలి కూడా. ఈ రెండు లెక్కలూ కలిపేసి మాట్లాడిన ప్రతిసారీ అవతలివాళ్లు "అర్థమైంది సార్" అని ఊరుకున్నారు. కాగితం చూపించి మాట్లాడిన ప్రతిసారీ అంకె కదిలింది.

రూల్స్ దేశాన్ని బట్టి మారతాయి. దారి మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే. తేడా ఉన్నచోట ఏ దేశంలో ఎలాగో అక్కడే చెబుతాను.

మొదటి అడుగు: రోడ్డు మీద

ముందు మనుషులు. హజార్డ్ లైట్లు వేసి, ట్రాఫిక్‌కి దూరంగా పక్కకి రావాలి. పెట్రోలు వాసన, పొగ ఉంటే ఇంకా దూరం. దెబ్బ తగల్లేదనిపించినా డాక్టరుకి చూపించుకోండి. మెడ నొప్పి చాలామందికి ఆ రోజు తెలియదు, మర్నాడు పొద్దున లేచేసరికి పట్టేసి ఉంటుంది. ఆ రోజు చీటీ లేకపోతే తర్వాత "ఇది యాక్సిడెంట్ వల్లే వచ్చిందా?" అనే ప్రశ్న వస్తుంది.

ఆ తర్వాత ఫొటోలు. అందరూ చేసే పొరపాటు దెబ్బతిన్న చోటును దగ్గరగా పది ఫొటోలు తీసి ఊరుకోవడం. దూరం నుంచి మొదలుపెట్టండి. రెండు బండ్లూ రోడ్డు మీద ఎలా ఆగాయో కనిపించేలా నాలుగు వైపుల నుంచి తీయాలి. టైర్ల గీతలు, పగిలిన గాజు ఎక్కడ పడిందో, సిగ్నల్, బోర్డులు, రోడ్డు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నీ రావాలి. అవతలి బండి నంబర్ ప్లేటు, డ్రైవరు లైసెన్సు, ఇన్సూరెన్స్ కాగితం తీసుకోవాలి. దగ్గరి ఫొటోలు చివర్లో తీసినా చాలు. దెబ్బ ఎక్కడికీ పోదు, రోడ్డు మీది దృశ్యం మాత్రం పావుగంటలో చెదిరిపోతుంది.

డాష్‌క్యామ్ ఉంటే మెమరీ కార్డు వెంటనే తీసి జేబులో వేసుకోండి. అది పాత రికార్డింగ్ మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. బండికి కరెంటు అందుతున్నంతసేపూ రికార్డింగ్ నడిచి, మీకు కావలసిన ఆ ముప్పై సెకన్లూ చెరిగిపోవచ్చు. చూసినవాళ్లుంటే పేరు, ఫోన్ నంబరు అడగండి. ఇద్దరిని అడిగితే ఒకరైనా ఇస్తారు.

తప్పెవరిదో అక్కడ తేల్చకండి. "సారీ అండీ, నేను చూసుకోలేదు" అనడం మన మర్యాద కావచ్చు, కానీ తర్వాత ఎవరో ఒకరు దాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటారు. పోలీసులకైనా, అవతలివాళ్లకైనా జరిగింది జరిగినట్టు చెప్పండి, ఊహలు వద్దు. ఎంత స్పీడులో వస్తున్నారంటే తెలిసిందే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి.

ఇంకొకటి. నడుస్తోంది కదా అని బండిని షెడ్డు దాకా నడుపుకుంటూ వెళ్లొద్దు. రేడియేటర్ కారిపోయిన బండిని రెండు కిలోమీటర్లు నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. ఆ ఇంజన్ నష్టం యాక్సిడెంట్‌ది కాదు, మీదే అంటారు. భారత్‌లో మామూలు మోటారు పాలసీ షరతుల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది: యాక్సిడెంట్ తర్వాత రిపేరు చేయించకుండా నడిపితే పెరిగిన నష్టం యజమానిదే.

రెండో అడుగు: కంపెనీకి కబురు

అదే రోజు చెప్పండి. క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఇక్కడినుంచి ఒక నోటుబుక్కు పెట్టుకోండి, ఫోన్‌లో నోట్స్ అయినా సరే. తేదీ, టైము, ఎవరు మాట్లాడారు, ఏం చెప్పారు, ఎప్పటిలోగా చేస్తామన్నారు. ప్రతి ఫోన్ కాల్ తర్వాత రెండు ముక్కల్లో మెయిల్ పెట్టేయండి: "ఈరోజు మీరు ఇలా చెప్పారు, నేను ఇలా అర్థం చేసుకున్నాను." అప్పుడది విసుగ్గా అనిపిస్తుంది. మూడో వారంలో కొత్త మనిషి ఫైలు తీసుకుని "అలా ఎవరు చెప్పారండీ?" అన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. నా ఫైలు ముగ్గురి చేతులు మారింది.

పాలసీ బయటికి తీసి మొదట చూడాల్సింది అది ఏ రకం పాలసీ అన్నది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ సొంత కారుకి మీ కంపెనీ నుంచి ఏమీ రాదు. తప్పు అవతలివాళ్లదైతే వాళ్ల మీదికే వెళ్లాలి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉండి, తప్పు అవతలివాళ్లదైతే మీ ముందు రెండు దారులుంటాయి. మీ కంపెనీ దగ్గర క్లెయిమ్ చేస్తే త్వరగా తేలుతుంది. వాళ్లు మీకు డబ్బిచ్చి, తర్వాత అవతలి కంపెనీ నుంచి వసూలు చేసుకుంటారు. మీ వాటాగా కోసే మొత్తాన్ని డిడక్టబుల్ అంటారు, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎక్సెస్ అంటారు. అది తర్వాత వసూలు చేసిపెడతారా అని మొదటి రోజే అడగండి. నేరుగా అవతలి కంపెనీ మీదికి వెళ్తే కోత ఉండదు గానీ ఆలస్యం ఎక్కువ. భారత్‌లో అయితే ఆ దారి మోటారు యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ గుండా పోతుంది. కారు పాలసీల్లో థర్డ్ పార్టీ ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల రూపాయల పరిమితి కూడా ఉంటుంది. సొంత డ్యామేజ్ కవర్ ఉన్నవాళ్లు అక్కడ మొదటి దారి పట్టడమే మేలని నా అభిప్రాయం.

అవతలి కంపెనీ వాళ్లు ఫోన్ చేసి "మీ మాట రికార్డు చేసుకుంటాం" అంటే తొందరపడొద్దు. రాసి పంపుతానని చెప్పండి. రాసేటప్పుడు మనిషి ఒకటికి రెండుసార్లు చదువుకుంటాడు.

మూడో అడుగు: యార్డులో ఆఖరిసారి

టో చేసిన బండిని ఎక్కడో ఒక యార్డులో పడేస్తారు. అక్కడ రోజుకింత అని అద్దె పడుతూ ఉంటుంది. ఆ అద్దె ఎవరు కడుతున్నారు, ఎప్పటివరకు అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. కంపెనీ విలువ చెప్పాక "ఫలానా తేదీ తర్వాత అద్దె మీదే" అనే లెటర్ వస్తుంది. ఆ ఒత్తిడితోనే చాలామంది తక్కువకి సంతకం పెట్టేస్తారు. కంపెనీ సొంత యార్డుకి మార్చమని అడగండి. విప్పదీసి ఎస్టిమేట్ వేస్తామని షెడ్డువాళ్లు అడిగినా, సర్వేయర్ చూడకముందు ఒక్క బోల్టు కూడా తీయనివ్వకండి.

బండి దగ్గరికి మీరు ఒక్కసారైనా వెళ్లాలి. వెళ్లాలనిపించదు, తెలుసు. కానీ ఆ రోజు తీసే ఫొటోలే తర్వాత మీ వాదన. బ్యాటరీ ఇంకా పనిచేస్తుంటే ఓడోమీటర్ ఫొటో తీయండి. సీట్లు, డాష్‌బోర్డు, దెబ్బ తగలని వైపు పెయింటు, నాలుగు టైర్లు తీయండి. టైరు పక్కన చిన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. టైర్లు కొత్తవని నోటితో చెప్పడం కంటే ఆ నాలుగంకెల ఫొటో బలంగా మాట్లాడుతుంది. చాసిస్ నంబరు కూడా స్పష్టంగా తీసుకోండి.

తర్వాత సామాన్లు. డిక్కీలో స్టెప్నీ కింద, సీట్ల కింద, సన్‌వైజర్ వెనక, గ్లవ్ బాక్సులో అన్నీ వెతకండి. టోల్ ట్యాగ్ పీకేసి ఖాతా మూసేయండి, లేకపోతే ఎవరో టోల్ గేటు దాటితే డబ్బు మీకు కోస్తుంది. గేటు రిమోట్, పార్కింగ్ కార్డు తీసుకోండి. స్క్రీన్ వెలుగుతుంటే ఫోన్ జోడింపులు, ఇంటి అడ్రసు, కాంటాక్టులు చెరిపేయండి. కారు యాప్‌లో మీ ఖాతా నుంచి బండిని తొలగించండి. పిల్లల సీటు ఉంటే దాన్ని ఇంకో కారులో పెట్టేయకండి. గట్టి దెబ్బ తగిలిన యాక్సిడెంట్‌లో ఉన్న సీటును మార్చాలని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెబుతుంది. ఆ ఖర్చు చాలా పాలసీల్లో అడిగితే వస్తుంది, అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు.

నా కారు డోర్ పాకెట్‌లో సగం విరిగిన గొడుగు, ఎండిపోయిన పెన్ను, ఎప్పటిదో పార్కింగ్ రసీదు దొరికాయి. గొడుగు తెచ్చుకున్నాను. ఎందుకో తెలియదు, అది తెరుచుకోదు కూడా. డ్రైవర్ సీటు నేను కూర్చునే దూరంలోనే ఉంది, అద్దం నా ఎత్తుకే తిప్పి ఉంది. అక్కడ ఒక పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. యార్డు కుర్రాడు ఏమీ అనలేదు, అలవాటేమో. మీకూ అలా కూర్చోవాలనిపిస్తే ఆ రోజే కూర్చోండి. రెండోసారి వెళ్లేసరికి బండి అక్కడ ఉండకపోవచ్చు.

తప్పెవరిదన్న గొడవ ఉంటే ఇంకో సంగతి. ఇప్పటి కార్లలో చాలావాటికి ఈడీఆర్ అనే చిన్న రికార్డర్ ఉంటుంది, గుద్దుకోవడానికి ముందు కొన్ని సెకన్ల స్పీడు, బ్రేకు వివరాలు అందులో ఉంటాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి. బండి తుక్కులోకి వెళ్తే ఆ సమాచారమూ పోతుంది. కాబట్టి అది కావాలంటే బండిని కదిలించొద్దని కంపెనీకి ముందే రాతలో పెట్టండి.

నాలుగో అడుగు: టోటల్ లాస్ అని ఎందుకన్నారో అర్థం చేసుకోవడం

ఇంజన్ బాగానే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, మరి టోటల్ లాస్ ఏంటి? నేను వేసిన మొదటి ప్రశ్న ఇదే. అది బండి పరిస్థితి గురించిన మాట కాదు, లెక్క గురించిన మాట.

ఒక కారు కొత్తలో విలువ 300 అనుకోండి. గుద్దుకుంటే రిపేరుకి 80 అయింది, కంపెనీ రిపేరు చేయిస్తుంది. తొమ్మిదేళ్ల తర్వాత అదే కారు విలువ 90. దెబ్బ అదే, బంపర్ ధర అదే, హెడ్‌లైటు ధర అదే, ఖర్చు 80. ఇప్పుడది టోటల్ లాస్. పాత కార్లు చిన్న దెబ్బకే తుక్కులోకి పోయేది అందుకే. దీనికితోడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే వాటితోపాటు సీటు బెల్టులు, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్, చాలాసార్లు డాష్‌బోర్డు కూడా మార్చాలి. బయటికి చిన్న సొట్టే కనిపిస్తుంది, బిల్లు మాత్రం చాంతాడంత.

ఎక్కడ గీత గీస్తారన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. భారత్‌లో పాలసీలో రాసిన కారు విలువలో, అంటే ఐడీవీలో, రిపేరు ఖర్చు, బండిని తరలించే ఖర్చు కలిపి 75 శాతం దాటితే టోటల్ లాస్. అమెరికాలో రాష్ట్రానికొక రూలు. ఫ్లోరిడాలో 80 శాతం, టెక్సస్‌లో 100 శాతం. కొన్ని రాష్ట్రాల్లో రిపేరు ఖర్చుకి తుక్కు విలువ కలిపి, ఆ మొత్తం కారు విలువను దాటితే వేసేస్తారు. అంటే 100 విలువైన కారుకి రిపేరు 70, తుక్కు విలువ 35 అయితే 105, కాబట్టి పోయినట్టే. బ్రిటన్‌లో ఇలాంటి శాతం లేదు, కంపెనీ నిర్ణయిస్తుంది. 2017 అక్టోబరు నుంచి అక్కడ నాలుగు కేటగిరీలున్నాయి. ఏ అంటే మొత్తం నలిపేయాల్సిందే. బీ అంటే పార్టులు తీసుకోవచ్చు, బాడీ మాత్రం నలిపేయాలి. ఎస్ అంటే చట్రం దెబ్బతింది గానీ బాగుచేయొచ్చు. ఎన్ అంటే చట్రానికి దెబ్బ లేదు. ఆస్ట్రేలియాలో మళ్లీ రోడ్డెక్కకూడనివి, బాగుచేసి ఎక్కించగలిగేవి అని రెండు రకాలుగా విడదీసి రిజిస్టర్‌లో రాస్తారు.

కాబట్టి మీరు అడగాల్సింది ఎస్టిమేట్ కాపీ. ప్రతి పార్టు, లేబర్ గంటలు కనిపించేది. గీతకి ఇటూ అటూ ఉన్న కేసుల్లో ఒక పార్టు తీసేస్తే రిపేరు, ఒక పార్టు చేరిస్తే టోటల్ లాస్. ప్రేమకొద్దీ చాలామంది రిపేరే చేయించమని పట్టుబడతారు. నేనూ పట్టుబట్టాను. చట్రం వంగిందని లిఫ్టు మీద చూపించాక ఆగిపోయాను. పైగా భారత్‌లో రిపేరు క్లెయిమ్ అయితే ప్లాస్టిక్, రబ్బరు పార్టుల మీద 50 శాతం తరుగుదల కోస్తారు, ఆ కోత లేకుండా చేసే జీరో డెప్రిసియేషన్ అనే అదనపు కవర్ తీసుకుంటే తప్ప. 70 శాతం దెబ్బతిన్న కారుకి ఆ కోతలన్నీ పోగా జేబు నుంచి పెట్టేది తక్కువేం ఉండదు. ఆ మీదట బండి మునుపటిలా ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఐదో అడుగు: విలువ దగ్గర పోరాటం

అసలు పని ఇక్కడుంది. మిగతా అడుగులన్నింటికీ పెట్టే శ్రమంతా కలిపి ఈ ఒక్కదానికి పెట్టండి.

ముందు మీది ఏ రకం విలువో చూడండి. కొన్ని పాలసీల్లో విలువ ముందే ఒప్పుకుని రాసుకుంటారు. పాతకాలపు కార్లకి ఇలాంటి పాలసీయే తీసుకోవాలి. ఆస్ట్రేలియాలో మామూలు కార్లకి కూడా ఈ రకం దొరుకుతుంది. భారత్‌లో ఐడీవీ కూడా ఈ పనే చేస్తుంది. కారు తయారీ కంపెనీ లిస్టు ధరలోంచి వయసును బట్టి కోస్తారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, తర్వాత ఏడాదికి పది చొప్పున పెరిగి ఐదేళ్లకి 50. ఐదేళ్లు దాటిన బండికి ఇద్దరూ మాట్లాడుకుని రాసుకోవాలి. టోటల్ లాస్ వచ్చినప్పుడు ఆ ఐడీవీనే పాలసీ కాలమంతా మార్కెట్ విలువగా చూడాలని, మళ్లీ తరుగుదల కోయకూడదని పాలసీలోనే ఉంటుంది. "ఇప్పుడు మార్కెట్లో అంత పలకదు సార్" అని ఎవరైనా అంటే ఆ వాక్యం కింద గీత గీసి పంపండి. రెన్యువల్ టైములో ప్రీమియం కాస్త తగ్గుతుందని ఐడీవీ తగ్గించుకున్నవాళ్లకి మాత్రం ఇక్కడ చేయగలిగింది పెద్దగా లేదు.

మిగతాచోట్ల, అంటే అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో మామూలు పాలసీలు యాక్సిడెంట్‌కి ముందు క్షణంలో ఆ కారు ఎంత పలికేదో అంత ఇస్తాయి. అది మీరు కొన్న ధర కాదు, కొత్తదాని ధర కాదు, మీ అప్పు ఎంత మిగిలిందన్నదీ కాదు. మొదటి ఆఫర్ వచ్చినప్పుడు అంకె చూసి కోప్పడకుండా, అంకె వెనకున్న నివేదిక పంపమనండి. అందులో వాళ్లు పోల్చిన కార్లుంటాయి.

నా నివేదికలో నాలుగు కార్లతో పోల్చారు. మూడు మాన్యువల్ గేరు బేస్ వేరియంట్లు. నాది టాప్ వేరియంట్, ఆటోమేటిక్. నాలుగోదాని మీద నాకంటే నలభై వేల కిలోమీటర్లు ఎక్కువున్నాయి. పైగా "కండిషన్" అని ఒక గడిలో కొంత కోశారు, ఎందుకో రాయలేదు. ఇందులో కుట్ర ఉందని నేననుకోను, ఎవరో హడావిడిగా ఒక మెనూలో తప్పు వరుస నొక్కి ఉంటారు. కానీ ఆ తప్పు నేను పట్టుకోకపోతే ఎవరూ పట్టుకోరు.

పోల్చడానికి మీ కార్లు మీరు వెతకండి. అదే సంవత్సరం, అదే వేరియంట్, అదే ఇంధనం, కిలోమీటర్లు పది పదిహేను వేలు అటూ ఇటూ. ఆరు నుంచి ఎనిమిది ప్రకటనలు చాలు. స్క్రీన్‌షాట్‌లో తేదీ, ధర, కిలోమీటర్లు కనిపించాలి. అమ్ముడయ్యాక ప్రకటన మాయమవుతుంది, లింకు ఒక్కటే పెడితే లాభం లేదు. అన్నింటికంటే ఖరీదైన రెండింటిని ఏరుకుని పంపకండి. ఒకటి తక్కువ ధరది కూడా పెడితే మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది. అడిగే ధర వేరు, అమ్ముడయ్యే ధర వేరు అని వాళ్లంటారు, నిజమే. కానీ ఎంత తగ్గించాలో దానికీ ఆధారం చూపాల్సింది వాళ్లే.

ఏవి లెక్కకొస్తాయంటే పూర్తి సర్వీస్ రికార్డు, కొత్త టైర్లు, ఈమధ్యే మార్చిన బ్యాటరీ, బిల్లు ఉన్న పెద్ద రిపేరు. వీటికి పెట్టిన డబ్బంతా రాదు, కొంత వస్తుంది. సీటు కవర్లు, పాలిష్, ట్యాంకులో పెట్రోలు లెక్కలోకి రావు. బయట పెట్టించిన అలాయ్ వీల్స్, మ్యూజిక్ సిస్టం, గ్యాస్ కిట్ లాంటివి పాలసీలో ముందే చెప్పకపోతే రాకపోగా, కొన్నిసార్లు క్లెయిమ్‌కే అడ్డం పడతాయి. మొదటిసారి ఈ కారులోనే మా పాపని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం అన్నది ఏ గడిలోనూ పట్టదు. నేను చెప్పి చూశాను.

నేను పంపిన లెటర్ దాదాపు ఇలా ఉంది:

"క్లెయిమ్ నంబరు ఫలానా. మీరు పంపిన విలువ నివేదిక చదివాను. ఈ మొత్తానికి నేను అంగీకరించడం లేదు. కారణాలు మూడు. ఒకటి, నా కారు టాప్ వేరియంట్, ఆటోమేటిక్. మీరు పోల్చిన నాలుగింటిలో మూడు బేస్ వేరియంట్ మాన్యువల్ కార్లు. రెండు, నాలుగో కారు నా కారు కంటే 40 వేల కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది, ఆ తేడాను సర్దలేదు. నా ఓడోమీటర్ ఫొటో జతచేశాను. మూడు, కండిషన్ కింద తగ్గించిన మొత్తానికి ఆధారం లేదు. యాక్సిడెంట్‌కి రెండు నెలల ముందు సర్వీస్ బిల్లు, దెబ్బ తగలని భాగాల ఫొటోలు జతచేశాను. ఇదే వేరియంట్ కార్ల ప్రకటనలు ఏడు పంపుతున్నాను. వీటిని చూసి విలువ మళ్లీ లెక్కకట్టి, లెక్క వేసిన విధానంతో సహా పది రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో ఒక్క కోపపు మాట లేదు. మొదటి డ్రాఫ్టులో నాలుగుండేవి, మా ఆవిడ కొట్టేసింది. తొమ్మిదో రోజు కొత్త నివేదిక వచ్చింది. నేనడిగినంత రాలేదు గానీ మొదటి ఆఫర్‌కీ దానికీ మధ్య తేడా, నేను పెట్టిన రెండు సాయంత్రాల శ్రమకి చాలా ఎక్కువే.

ఆరో అడుగు: లోను ఉంటే

డబ్బు ముందు లోనిచ్చినవాళ్లకి వెళ్తుంది, మిగిలితే మీకు. కారు లేదు కదా అని ఈఎంఐ ఆపకండి, క్రెడిట్ రికార్డు పాడవుతుంది. అప్పు కంటే కారు విలువ తక్కువైతే ఆ తేడా మీ నెత్తినే పడుతుంది. గ్యాప్ ఇన్సూరెన్స్ ఉన్నది ఆ తేడా కోసమే. కారు కొన్న రోజు డీలరు దగ్గర సంతకం పెట్టిన కాగితాల్లో అది ఉందేమో చూడండి, తీసుకున్న సంగతే మర్చిపోయినవాళ్లున్నారు. భారత్‌లో ఇన్‌వాయిస్ ధర మొత్తం వచ్చేలా రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనే అదనపు కవర్ ఉంటుంది, కొత్త కార్లకే ఇస్తారు.

ఏడో అడుగు: తుక్కు మీరు ఉంచుకోవాలా

కంపెనీ సాధారణంగా మొత్తం ఇచ్చి బండి తీసుకుంటుంది. లేదా తుక్కు విలువ కోసుకుని మిగతాది ఇచ్చి, బండి మీకే వదిలేస్తుంది. ఎంతో ఇష్టపడ్డ కారైతే రెండోది ఊరిస్తుంది. దెబ్బ పైపైనే ఉండి, నమ్మకమైన మెకానిక్ ఉండి, ఖర్చు రాతలో తేలితేనే దాని జోలికి వెళ్లండి. అమెరికాలో బండి యాజమాన్య పత్రం (టైటిల్) మీద సాల్వేజ్, అంటే తుక్కు, అనే ముద్ర పడుతుంది. బాగుచేయించి తనిఖీ చేయిస్తే రీబిల్ట్ అవుతుంది గానీ ముద్ర పోదు. బ్రిటన్‌లో ఎస్, ఎన్ కేటగిరీలు బండి చరిత్రలో ఉండిపోతాయి. తర్వాత ఇన్సూరెన్స్ చేయించడం కష్టం, అమ్మితే ధర రాదు.

ఎవరికి వెళ్లినా రిజిస్ట్రేషన్ సంగతి వదిలేయొద్దు. తుక్కు కొన్నవాడు ఒరిజినల్ ఆర్సీ అడుగుతాడు. పేరు మార్చకుండా ఇచ్చేస్తే ఆ నంబరుతో ఇంకో బండి, అదీ దొంగబండి, రోడ్డెక్కే ప్రమాదం ఉంది. అప్పుడు పోలీసులు వచ్చేది మీ ఇంటికే. పనికిరాకుండా పోయిన బండి గురించి 14 రోజుల్లోగా లేదా వీలైనంత త్వరగా రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తెలపాలని భారత మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. బాగుచేయలేని బండి అయితే ఆర్సీ రద్దు చేయించండి. బాగుచేయగలిగేదైతే పేరు మార్పిడి పూర్తయ్యాకే ఆర్సీ చేతికివ్వండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోండి.

ఎనిమిదో అడుగు: సంతకం, లేదా పైకి వెళ్లడం

డబ్బు ఇచ్చేముందు "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అనే కాగితం పెడతారు. దాని మీద సంతకం పెట్టాక మళ్లీ అడగడం చాలా కష్టం. ఒప్పుకోని మొత్తానికి సంతకం అడిగితే, గొడవ లేని భాగం ఇచ్చేయండి, మిగతాది తేలేదాకా ఫైలు తెరిచే ఉంచండి అని రాయండి. ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు, కానీ ఒప్పుకున్నవాళ్లున్నారు. తప్పక పెట్టాల్సివస్తే అభ్యంతరంతో తీసుకుంటున్నానని అప్పుడే మెయిల్ పెట్టండి.

సర్వేయర్ చెప్పిందే ఆఖరి మాట అని ఎవరైనా అంటే నమ్మకండి. సర్వేయర్ నివేదిక ముఖ్యమైనదే గానీ దానికి ఎవరూ కట్టుబడి తీరాల్సిన పనిలేదని భారత సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. ముందు కంపెనీలోని ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల దాకా ఇప్పించే అధికారం వాళ్లకుంది. లేదంటే రెండేళ్లలోగా కన్స్యూమర్ కమిషన్. బ్రిటన్‌లో కంపెనీకి ఎనిమిది వారాల గడువుంటుంది, ఆఖరి జవాబు వచ్చాక ఆరు నెలల్లోగా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కి వెళ్లాలి. ఆస్ట్రేలియాలో ఆ పని ఏఎఫ్‌సీఏది. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఇన్సూరెన్స్ శాఖ ఉంటుంది. దాంతోపాటు పాలసీలో అప్రైజల్ క్లాజ్ ఉందేమో చూడండి. ఉంటే మీరొక నిపుణుణ్ని, వాళ్లొక నిపుణుణ్ని పెడతారు, ఇద్దరికీ కుదరకపోతే మూడోవాడు తేలుస్తాడు. మీ నిపుణుడి ఫీజు మీదే కాబట్టి తేడా ఎంతో ముందు లెక్కేసుకోండి.

చివర్లో మిగిలే చిల్లర పనులు

పాత పాలసీ ప్రీమియం ఆటోమేటిక్‌గా కోస్తుంటే ఆపించండి. ముందుగా కట్టిన రోడ్డు పన్నులో కొంత వెనక్కి వచ్చే చోట్ల అడగండి. క్లెయిమ్ చేయనందుకు ఇన్నేళ్లుగా ప్రీమియంలో వచ్చిన తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఏమవుతుందో రాతలో తెలుసుకోండి. భారత్‌లో కాపాడే అదనపు కవర్ లేకపోతే సొంత డ్యామేజ్ క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది.

అద్దె కారు గడువు అయిపోతోందని మరో కారు హడావిడిగా కొనకండి. విలువ గొడవ నడుస్తుండగానే షోరూమ్‌కి వెళ్లి అడ్వాన్సు ఇచ్చినవాడికి బేరమాడే ఓపిక ఉండదు. మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నప్పుడు చేతులు వణికితే అది మామూలే. నాకు ఆ కూడలి దగ్గర రెండు నెలల పాటు కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లేది. అంతకు మించి ఉండి నిద్ర పట్టకపోతే డాక్టరుకి చెప్పండి.

డబ్బు పడేముందు రెండు తాళంచెవులూ ఇవ్వమంటారు, ఒకటి పోయిందంటే దానికీ కోస్తారు. స్పేర్ తాళం ఎక్కడ పెట్టారో ఇప్పుడే వెతకండి. నాది బీరువా పైఅరలో పాత బిల్లుల కింద దొరికింది, కొన్న రోజు వేసిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కీచైన్ మాత్రం ఉంచుకున్నాను, వాళ్ల లిస్టులో అది లేదు.